లేవనివ్వని కుర్చీ

గ్రీకుల కమ్మరి దేవుడు నాకు చెత్తకుప్పలో దొరికాడు. ఇరవై ఏళ్ళ కిందటి మాట. దమ్మామ్‌లో మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన సౌదీ యజమాని, పాత ఆఫీసు ఖాళీ చేస్తున్నప్పుడు, గుమాస్తాలు పనికిరావని బయట పారేసిన కాగితాల్లో ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం ఒక్క సంపుటం కనబడింది. అట్ట మీద బంగారు రంగులో హెచ్ అని ఒకే అక్షరం. మిగతా అక్షరాలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. ఇంత లావు పుస్తకాన్ని అలా విసిరేయడానికి వాళ్ళకు చేతులెలా వచ్చాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దుమ్ము దులిపి గదికి తెచ్చుకున్నాను.

నేను బడిలో చదివింది ఏడో తరగతి. ఆ తర్వాతిదంతా నాకు నేనే చదువుకున్నది. పక్కన డిక్షనరీ పెట్టుకుని, శుక్రవారం శుక్రవారం, మూడేళ్ళలో ఆ సంపుటం పూర్తి చేశాను. అందుకని నా చదువు కొంచెం వింతగా ఉంటుంది. గుర్రం, గుండె, తేనె, వడగళ్ళు, హంగేరీ దేశం, ఇలా ఇంగ్లీషులో హెచ్‌తో మొదలయ్యే దేని గురించైనా నన్ను అడగవచ్చు. ఊపిరితిత్తుల గురించి అడిగితే మాత్రం చెప్పలేను.

అందులో ఒకటిన్నర పేజీ హెఫైస్టస్ గురించి ఉంది. పక్కన ఒక బొమ్మ. పాత కుండ మీద గీసిన బొమ్మ అట. గడ్డపు మనిషి ఒకడు గాడిద మీద పక్కకు తిరిగి కూర్చున్నాడు, చేతిలో పట్టకారు. ఆ పట్టకారు చూసి నేను లేచి నిలబడ్డాను. మూతి దగ్గర ఆ వంపు, పిడి దగ్గర ఆ సన్నదనం, అచ్చం మా నాయన పట్టకారే. ప్రొద్దుటూరు పక్కన మా ఊళ్ళో, కొలిమి దగ్గర గోడకు వేలాడుతుండేది. ఇన్ని వేల ఏళ్ళు, ఇంత దూరం, పట్టకారు మాత్రం మారలేదు.

ఆ పట్టకారు మనిషి కుంటివాడు. నేనూ కుంటివాణ్ణే. పందొమ్మిదేళ్ళప్పుడు ఎద్దులబండి చక్రానికి కాల్చిన ఇనప పట్టా ఎక్కిస్తుంటే జారి ఎడమ మడమ మీద పడింది. మడమ అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది.

కథ ఇలా ఉంది. హెఫైస్టస్‌ను కన్నది హేరా, దేవతలందరికీ రాణి. బిడ్డ కాలు వంకరగా ఉందని ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసి కొండ మీద నుంచి సముద్రంలోకి విసిరేసింది. చదువుతుంటేనే నాకు ఒళ్ళు మండింది. సముద్రంలో ఉండే ఆడవాళ్ళు ఇద్దరు ఆ బిడ్డను పట్టుకుని ఒక గుహలో తొమ్మిదేళ్ళు సాకారు. అక్కడే పని నేర్చుకున్నాడు. పిన్నులు, గాజులు, గిన్నెలు చేశాడు. పెద్దవాడయ్యాక కన్నతల్లికి ఒక బంగారు కుర్చీ చేసి పంపాడు. హేరా మురిసిపోయి కూర్చుంది. ఇక లేవలేకపోయింది. కుర్చీ ఆమెను పట్టేసుకుంది. దేవతలందరూ వచ్చి లాగారు. ఎవరివల్లా కాలేదు. రమ్మని కబురు పంపితే, “నాకు తల్లి లేదు, నేను రాను,” అన్నాడు. చివరికి సారా దేవుడు పోయి, తాగించి, గాడిద మీద ఎక్కించుకుని తీసుకొస్తే, అప్పుడు హెఫైస్టస్ తల్లిని విడిపించాడు. కుండ మీది బొమ్మ అదే. ఆ సారా దేవుడి పేరు డి అక్షరంలో ఉంటుందట. ఆ సంపుటం నా దగ్గర లేదు కాబట్టి, చేతికి ఫోను వచ్చేదాకా అతనెవరో నాకు తెలియనే తెలియదు.

నాకు కోపం తెప్పించేది ఆ తర్వాతి సంగతి. అంత చేసినవాడు సభలో కుంటుతూ తిరిగి అందరికీ పానీయం పోస్తుంటే దేవతలు పగలబడి నవ్వారట. వాళ్ళు కూర్చున్న పీటలు ఎవడు చేశాడు? వాళ్ళ ఇళ్ళకు తలుపులు ఎవడు పెట్టాడు? వాటంతట అవే చక్రాల మీద సభకు నడిచి వచ్చి, మళ్ళీ ఇంటికి వెళ్ళే మూడుకాళ్ళ పీటలు చేసినవాణ్ణి చూసి నవ్వడానికి వాళ్ళకు ఏం తెలుసు? ఒక్కడైనా సుత్తి పట్టాడా?

మనుషులే నయం. ఏథెన్స్ ఊళ్ళో కమ్మరులు ఉండే వైపున, చిన్న గుట్ట మీద అతనికి గుడి కట్టారు. పెద్ద పెద్ద గుళ్ళు కూలిపోయినా అది ఇప్పటికీ స్తంభాలతో, కప్పుతో నిలబడి ఉంది. ఫోనులో చూశాను. ఇంట్లో పొయ్యి పక్కన అతని చిన్న బొమ్మ పెట్టుకునేవాళ్ళట. కొలిమికి దిష్టి తగలకుండా ఏదో ఒక వికారపు బొమ్మ వేలాడగట్టేవాళ్ళట. మా నాయన గుమ్మడికాయ కట్టేవాడు. ఇంకొక సంగతి నాకు మరీ నచ్చింది. లెమ్నోస్ అని అతని దీవి ఒకటి ఉంది. అక్కడ ఏడాదికి తొమ్మిది రోజులు దీవి మొత్తం మీద నిప్పు ఆర్పేసేవాళ్ళట. పొయ్యి లేదు, కొలిమి లేదు. తర్వాత ఓడలో కొత్త నిప్పు తెచ్చి ఇంటింటికీ పంచేవాళ్ళు. మా ఇంట అమావాస్య నాడు కొలిమి వెలిగించరు, దాగలి మీద దెబ్బ వేయరు. ఎందుకని అడిగితే మా నాయన, “నిప్పుకు నీలాగ ఆదివారం లేదురా, అమావాస్యే దానికి సెలవు,” అనేవాడు. ముప్ఫై రెండేళ్ళుగా ఈ దమ్మామ్‌లో కూడా నేను అమావాస్య నాడు సుత్తి ముట్టలేదు. మొదట్లో కడుపునొప్పి అని అబద్ధం చెప్పేవాణ్ణి. తర్వాత తర్వాత ఎవరూ అడగడం మానేశారు. ఇఖామా అనే నివాస కార్డులో నా వృత్తి హద్దాద్ అని ఉంటుంది, అంటే కమ్మరి. హద్దాద్‌కు నెలకు ఒక రోజు కడుపునొప్పి వస్తుందని వర్క్‌షాపులో అందరికీ తెలుసు.

ఇప్పుడు కుర్చీ సంగతికి వస్తాను. పోయిన చలికాలంలో జరిగింది.

మా కఫీల్‌కు తల్లి ఉంది. ఎనభై దాటిన మనిషి. ఆమెను చూసుకోవడానికి ఇంట్లో మన గోదావరి జిల్లా ఆవిడ పనిచేస్తోంది. యాభై ఏళ్ళుంటాయి. పదకొండేళ్ళుగా అదే ఇంట్లో ఉంది. పెద్దామెను కూర్చోబెట్టడం, లేపడం, కడగడం, తినిపించడం అంతా ఆవిడే. ఆ ఇంటికి డ్రైవరు హైదరాబాదు అబ్బాయి. అబ్బాయంటున్నాను గాని నలభై అయిదేళ్ళవాడు, ముగ్గురు పిల్లల తండ్రి. అతను ఒక రోజు బాగుచేయించడానికి గేటు గొళ్ళెం ఒకటి పట్టుకుని వర్క్‌షాపుకు వచ్చి, టీ తాగుతూ చెప్పాడు.

“చాచా, మన ఆంటీ నడుం పోయింది. ముసలమ్మను లేపలేక లేపలేక ఖరాబైంది. నిన్న బాత్రూమ్ కాడ ఇద్దరు కల్సి పడబోయిన్రు. కఫీల్ ఏమన్నడంటే, హఫర్ అల్ బాతిన్ల కంట్రాక్టు పని చూస్కోని పదిరోజులల్ల వస్తడంట. గప్పటికి ఆంటీతోని కాకపోతే ఎగ్జిట్ కొట్టించి ఊరికి పంపి ఇంకొకామెను తెస్తనన్నడు.”

“ఆయమ్మ ఏమంటాంది?”

“ఏమంటది? ఏడుస్తున్నది. బిడ్డ నర్సింగు సదువుతున్నది, ఇంకొక్క సాల్ ఉన్నది. మద్దెల పంపిస్తే సదువు ఆగినట్టేనంట.”

ఇంట్లో కరెంటు కుర్చీ ఒకటి ఉందట. బటన్ నొక్కితే లేపుతుంది. కొడుకు ఖరీదు పెట్టి తెప్పించాడు. మొదటిసారి అది గుర్రుమని కదలగానే పెద్దామె, ఇది నన్ను విసిరేస్తుందని అరిచి దిగిపోయింది. ఇప్పుడు దాని మీద దుప్పట్లు మడిచి పెడుతున్నారు.

అతను చెబుతుండగానే నా చేతులు పని మొదలుపెట్టాయి. కరెంటు వద్దు, చప్పుడు వద్దు. కారు డిక్కీ తలుపును పైకి లేపి పట్టుకునే గ్యాసు రాడ్లు ఉంటాయి చూడండి, తుక్కు యార్డులో కావలసినన్ని దొరుకుతాయి. కుర్చీలో కూర్చునే పలకకు ముందువైపు బందులు పెట్టి, వెనకవైపు కింద రెండు రాడ్లు బిగిస్తే సరి. వెనక్కి ఆనుకుంటే పలక కిందికి దిగుతుంది. పాదాలు నేల మీద ఆనించి కాస్త ముందుకు వంగితే, బరువు కాళ్ళ మీదికి పోయి, పలక మెల్లగా వెనకనుంచి లేపుతుంది. ఎవరూ ఎత్తనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పెద్దామె మీద నాకు పన్నెండేళ్ళుగా కోపం ఉంది. అప్పట్లో ఆ ఇంటి పెద్ద గేటు నేనే చేసి, నేనే నిలబెట్టాను. నేను కుంటుకుంటూ కొలత చూస్తుంటే, ఆమె వసారాలో చుట్టాల ఆడవాళ్ళతో కూర్చుని, “కుంటివాడు తలుపు పెడితే తలుపు కూడా కుంటుతుంది,” అంది. అందరూ నవ్వారు. నాకు అరబ్బీ రాదనుకున్నారో, వచ్చినా ఏమైందనుకున్నారో. ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు. ఆ ఇంట్లో ఏ పని వచ్చినా పాకిస్తానీ వెల్డరును పంపేవాణ్ణి. కాబట్టి కుర్చీ చేస్తానని చెప్పింది ఆమె కోసం కాదు, గోదావరి ఆవిడ నడుం కోసం.

కొలతలు కావాలి. నేను ఆ ఇంటికి పోను. పోయినా పరాయి మగవాణ్ణి, ఆమె కాలు కొలవలేను. అందుకని ఫోనులో ఆవిడను అడిగాను.

“టేపు ఉందామ్మా?”

“లేదు బాబాయ్ గారండీ. ఈ ఇంట్లో ఏనుగునన్నా చూపిత్తాను గానీ టేపు చూపించలేనండి.”

“అయితే చేత్తో కొలువు. మోకాలి కింద నుంచి నేలకు ఎన్ని జానలు?”

కొలిచి వచ్చి, “రెండు జానలు, నాలుగు వేళ్ళండి,” అంది. వెడల్పు చెప్పింది, లోతు చెప్పింది, అన్నీ జానల్లోనే. నేను సుద్దముక్కతో నేల మీద నా చేత్తో కొలిచి గీసుకున్నాను. మా ఊళ్ళో అంతే కదా. రైతు వచ్చి మేడి ఇన్ని జానలు, కర్రు ఇన్ని బెత్తెలు అని చెప్పేవాడు, మా నాయన చేసేవాడు. ఒక్కటీ తప్పు పోయేది కాదు.

నాలుగు రోజుల్లో కుర్చీ అయింది. కాళ్ళకు ఇనప గొట్టాలు, చేతులకు టేకు చెక్క, అంచులన్నీ ఆకురాయితో నున్నగా అరగదీశాను. నేనే కూర్చుని లేచి చూశాను. సుయ్ మని మెత్తటి చప్పుడుతో, పెద్దమనిషి ఎవరో వెనకనుంచి మర్యాదగా లేపినట్టు లేపింది. ముప్ఫై రెండేళ్ళలో నేను చేసిన వాటిల్లో అదే మంచిదని అనుకున్నాను. డ్రైవరు పికప్‌లో వేసుకుని పోయాడు.

మరుసటి రోజు అమావాస్య. కొలిమి చల్లగా ఉంది. మసీదులో సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక గదిలో పడుకుని ఫోను చూసుకుంటున్నాను. అప్పుడు గోదావరి ఆవిడ ఫోను చేసింది.

“బాబాయ్ గారండీ, కొంప మునిగిందండి! పెద్దమేడంగారు మీ కుర్చీలో కూకున్నారండి. ఇంక లేవలేకపోతన్నారండి!”

“లేవలేకపోవడమేమి? ముందుకు వంగమను.”

“వంగుతున్నారండి. అది లేపట్లేదండి. కాళ్ళు నేలకి అందట్లేదండి బాబూ, ఉయ్యాల్లో పిల్లలాగ ఏలాడతన్నాయండి. నేను దింపుదామంటే నా నడుం పట్టేసిందండి. ఆవిడేమో నన్నూ, మిమ్మల్నీ, మన దేశాన్నీ కలిపి తిడతన్నారండి. పొద్దుగూకే మగ్రిబ్ నమాజు లోపల ఆవిడ కాళ్ళూ చేతులూ కడుక్కుని ఒజూ చేసుకోవాలండి. అబ్బాయిగారికి ఫోన్ చేత్తానంటున్నారు. చేత్తే ఇంక నా పని అయిపోయినట్టేనండి, ఆయ్.”

నాకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. “నువ్వు చెప్పిన కొలతే కదా పెట్టినా! రెండు జానలు, నాలుగు వేళ్ళు. దాంట్లో వెంట్రుకవాసి తేడా లేదు. తప్పు నాది కాదు. ఈ పొద్దు అమావాస్య, నేను సుత్తి పట్టను, ఆ ఇంటికి రాను పో!” అని ఫోను పెట్టేశాను.

పెట్టేసి మంచం మీద కూర్చున్నాను. తప్పు నాది కాదు, అని ఇంకోసారి పైకే అన్నాను. అంటూ నా కుడిచెయ్యి చాపి చూసుకున్నాను. యాభై ఏళ్ళు సుత్తి పట్టిన చెయ్యి. వేళ్ళు చాపితే రొట్టె పెనమంత ఉంటుంది. ఆవిడ చెయ్యి నేను ఎప్పుడూ చూడలేదు. ఆవిడను దూరం నుంచి ఒకసారి చూశాను, మనిషే చిన్నది.

అప్పుడు గుర్తొచ్చింది. రైతు వచ్చి ఇన్ని జానలు అని చెప్పగానే మా నాయన వెంటనే గీత గీసేవాడు కాదు. “ఏదీ, చెయ్యి చూపీ,” అనేవాడు. రైతు చెయ్యి చాపితే దాన్ని ఒకసారి చూసి, తల ఊపి, అప్పుడు గీసేవాడు. చిన్నప్పుడు అది పలకరింపు అనుకునేవాణ్ణి. అది కొలతలో సగం. మా నాయన దగ్గర అన్నీ నేర్చుకున్నాను, ఈ ఒక్కటీ చూస్తూ కూడా నేర్చుకోలేదు. ఫోనులో చెయ్యి కనబడదు.

ఇంతలో బయట పికప్ హారన్. డ్రైవరు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చేతిలో ఫ్లాస్కు.

“చాచా, నడువ్.”

“నేను రాను.”

“ఏంది చాచా గట్ల జేస్తవ్? ముసలమ్మ కుర్సీల ఇరికింది, ఆంటీ మూలకు కూసొని ఏడుస్తున్నది. నువ్వేమో ఈడ నవాబు లెక్క మంచం మీద ఉన్నవ్.”

“ఈ పొద్దు అమావాస్య. సుత్తి పట్టకూడదు.”

“సుత్తి పట్టమన్నది ఎవరు? ఖాళీ చేతుల్తోనే రా. ఇగో, ఇలాయిచీ చాయ్ తెచ్చిన. తాగుకుంట పోదాం.”

టీ ఇచ్చాడు. తాగాను. ఎప్పుడు లేచానో, ఎప్పుడు ఎక్కానో. పికప్ రింగురోడ్డు ఎక్కి పోతుంటే నాకు నవ్వొచ్చింది. సారా బదులు యాలకుల టీ, గాడిద బదులు టొయోటా. మిగతాదంతా కుండ మీది బొమ్మే.

“ఎందుకు నవ్వుతున్నవ్?” అన్నాడు డ్రైవరు.

“ఏంలేదు. నన్ను నువ్వు గాడిద మీద తీసుకపోతాండావు.”

“నా బండిని గాడిదంటవా? దిగు చాచా, దిగి నడువ్!” అని, ఇంకా వేగంగా తోలాడు.

గేటు దగ్గర దిగాను. పన్నెండేళ్ళ తర్వాత చూడటం. రంగు ఒకటి రెండు చోట్ల పోయింది. ఒక వేలితో తోశాను. కిర్రుమనకుండా తెరుచుకుని, అక్కడే నిలబడింది. కుంటలేదు. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలని ఉంది కాని, డ్రైవరు అప్పటికే లోపలికి పోయాడు.

హాల్లో నా కుర్చీ. దాని మీద ముఖానికి నల్లటి ముసుగు వేసుకున్న చిన్న ముసలావిడ, వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులతో టేకు చెక్కలు పట్టుకుని కూర్చుని ఉంది. పాదాలు నేలకు జానెడులో సగం ఎత్తున గాలిలో ఉన్నాయి. గోదావరి ఆవిడ పక్కన గోడకు ఆనుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నేను ముందు చూసింది ఆవిడ చేతినే. నా అరచేతిలో పట్టేంత చెయ్యి.

“తప్పు నాదేనమ్మా,” అన్నాను. “నీ చెయ్యి చూడకుండా చేసినా.”

ఆవిడకు అర్థం కాలేదు. “తప్పెవరిదైనా గానీ ముందు ఆవిణ్ణి దింపండి బాబాయ్ గారూ!” అంది.

పెద్దామె నన్ను తేరిపార చూసి అరబ్బీలో ఏదో అంది. గొంతు ఆ పన్నెండేళ్ళ కిందటి గొంతే, ఏమీ తగ్గలేదు.

“ఏమంటాంది?” అన్నాను, తెలిసినా.

గోదావరి ఆవిడ నసిగింది. “గేటు పెట్టిన కుంటాయనవి నువ్వేనా అంటున్నారండి.”

“నేనే అని చెప్పు. గేటు బాగుందా అని అడుగు.”

“ఇప్పుడు గేటు గొడవెందుకండీ బాబూ!”

కుర్చీ కాళ్ళు కోయాలంటే కట్టరు కావాలి, ఆమె అందులో ఉండగా కోయలేను, పైగా అమావాస్య. ఆమెను ముట్టుకుని దింపేవాళ్ళు లేరు. నిలబడి చూశాను. ఆమెను కిందికి దించడం కుదరదు. నేలను పైకి తేవచ్చు.

“వంటింట్లో బియ్యం సంచులుంటాయా?” అన్నాను.

“ఉన్నాయండి. పది కిలోలవి రెండు. అవేం చేసుకుంటారండీ?”

డ్రైవరు రెండు సంచులూ భుజాన వేసుకుని తెచ్చాడు. కుర్చీ ముందు పక్కపక్కన పరిచాం. గట్టిగా తొక్కి చదును చేశాను. పైన, వంటింట్లో రొట్టెల పిండి పిసికే పెద్ద చెక్కపలక పెట్టాం. గోదావరి ఆవిడ పెద్దామె పాదాలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి పలక మీద ఆనించింది. మడమలతో సహా పూర్తిగా ఆనాయి.

“ఇప్పుడు ముందుకు వంగమను. భయం లేదని చెప్పు. బలం పెట్టొద్దు, వంగితే చాలు.”

పెద్దామె బిస్మిల్లా అంది. వంగింది. సుయ్ మంది. కుర్చీ పలక వెనకనుంచి మెల్లగా లేచింది. దానితో పాటు ఆమె కూడా లేచింది. బియ్యం సంచుల మీద, చెక్కపలక మీద, హాలు మధ్యలో అందరికంటే ఎత్తుగా నిలబడింది. గోదావరి ఆవిడ చెయ్యి ఇచ్చింది, ఊతానికే, ఎత్తడానికి కాదు. ఒక అడుగు దిగింది. నేల మీదికి వచ్చింది. మసీదులో మగ్రిబ్ బాంగు అప్పుడే మొదలైంది.

ఒజూ, నమాజు అయ్యాక ఆమె మళ్ళీ వచ్చింది. తనంతట తానే సంచుల మీద కాలు పెట్టి, కుర్చీలో కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. నాలుగోసారి నవ్వడం మొదలుపెట్టింది. చిన్నపిల్లలా పొట్ట పట్టుకుని నవ్వింది. గోదావరి ఆవిడ నవ్వింది, డ్రైవరు నవ్వాడు. ఈసారి ఎవరిని చూసి నవ్వుతున్నారని నేను అడగలేదు. నాకూ నవ్వొచ్చింది కాబట్టి.

గహ్వా, అదే అరబ్బీ కాఫీ, తెచ్చారు, ఖర్జూరాలు తెచ్చారు. నేను గోదావరి ఆవిడతో, “ఇట్లాంటి కథ ఒకటుంది, ఆమెకు చెప్పు,” అన్నాను. దేవుడు, గీవుడు అనలేదు. వెనకటి గ్రీకుల కథ, ఒక రాణి, ఆమెకు కుంటి కొడుకు, కమ్మరి పని నేర్చినవాడు, అని చెప్పాను. ఆవిడ పనిమనుషుల అరబ్బీలో, చేతులు తిప్పుతూ బ్రహ్మాండంగా చెప్పింది. బిడ్డను సముద్రంలోకి విసిరిన దగ్గర పెద్దామె కప్పు కింద పెట్టేసింది. కుర్చీ పట్టేసుకున్న దగ్గర, హా, అంది. కొడుకు వచ్చి విడిపించాడని చెప్పగానే ఏదో గట్టిగా అని, చెయ్యి గాలిలో విసిరింది.

“ఏమంటాంది?”

“బిడ్డని పారేసిన దాన్ని ఎందుకు లేపాడంటున్నారండి. ఇంకో పదేళ్ళు కూకోబెట్టాల్సిందంటున్నారండి.”

ఇన్నేళ్ళుగా ఆ ఒకటిన్నర పేజీ చదివి నేను అనుకుంటున్న మాట అదే. నా తరఫున ఆ మాట అన్న మొదటి మనిషి ఈమె. ఇంకో ఖర్జూరం తీసుకున్నాను.

బయల్దేరుతుంటే ఆమె నన్ను పిలిచింది. ఎలా పిలిచిందనుకున్నారు? “ఓ కుంటాయనా,” అనే పిలిచింది. పన్నెండేళ్ళకు కూడా ఆ నోరు మారలేదు. కాళ్ళు కోసి కుర్చీ సరిచెయ్యి, ఆ తర్వాత జెద్దాలో మా చెల్లెలుంది, దానికీ ఒకటి చెయ్యి, అంది. అది మనవి కాదు, ఆజ్ఞ. నేను కోపం తెచ్చుకోబోయాను. కాని, చేస్తానని నోట్లోంచి అప్పటికే వచ్చేసింది.

ఈసారి నేను జానలు అడగలేదు. గోదావరి ఆవిడకు నా జేబులోని సుతిలి తాడు ఇచ్చాను. ఆవిడ లోపలికి తీసుకుపోయి పెద్దామె మోకాలి కింద నుంచి మడమ దాకా పట్టి, ముడి వేసి తెచ్చింది. ఎందుకైనా మంచిదని ఆవిడ చెయ్యి కూడా చూపించమన్నాను. సిగ్గుపడుతూ చాపింది. వేళ్ళ సందుల్లో సబ్బుకు ఒరిసిపోయిన చర్మం. చూసి, మా నాయనలాగే తల ఊపాను.

పాడ్యమి నాడు ఉదయం కొలిమి వెలిగించాను. డ్రైవరు కుర్చీని తెచ్చాడు. తాడు ప్రకారం నాలుగు కాళ్ళూ కోసి, అంచులు మూసి, సాయంత్రానికి తిరిగి పంపాను. కోసిన నాలుగు గొట్టం ముక్కలు పారేయలేదు. అవి ఒక్కొక్కటీ సరిగ్గా నా చేతికీ, ఆవిడ చేతికీ ఉన్న తేడా. ముడి వేసిన తాడును మాత్రం హెచ్ సంపుటంలో, ఆ గాడిద బొమ్మ ఉన్న పేజీలో పెట్టాను.

కఫీల్ హఫర్ అల్ బాతిన్ నుంచి వచ్చినప్పుడు ఏమైందో డ్రైవరు చెప్పాడు. గేటు దగ్గర బండి చప్పుడు కాగానే పెద్దామె కుర్చీలోంచి ఒక్కతే లేచి, కర్ర పట్టుకుని వసారా దాకా ఎదురొచ్చిందట. కొడుకు బ్యాగు కింద పడేసి నిలబడిపోయాడట. కొత్త పనిమనిషి వీసా మాట ఎత్తబోతే, “దీన్ని పంపితే నాకు కథలు ఎవరు చెబుతారు?” అందట. ఎగ్జిట్ మాట మళ్ళీ రాలేదు. నన్ను ఒక్క మాట మెచ్చుకుందా అని అడిగాను. లేదన్నాడు. సరే.

ఇప్పుడు రోజూ పొద్దున కొలిమి రాజేసేటప్పుడు నా ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ వస్తుంది, గోదావరి ఆవిడ నుంచి. అందులో మాటలుండవు. సుయ్ మనే చప్పుడు, తర్వాత కర్ర చప్పుడు, ఆ తర్వాత గహ్వా ఏదని ఒక ముసలిగొంతు కేక. విని, ఫోను దూరంగా పెట్టి, బొగ్గుల మీదికి గాలి తిప్పుతాను. జెద్దా చెల్లెలి తాడు నిన్ననే అందింది. దాంతో పాటు, తాడు పట్టిన మనిషి చెయ్యి ఫోటో కూడా పంపమన్నాను.